గోడలో మూరెడు వైరు

ఫోన్లో నెట్ వేగం చూపే ముల్లు రెండున్నర దగ్గర కాసేపు వణికి, మూడు దాకా ఎగబాకి, మళ్ళీ ఒకటిన్నరకి జారి అక్కడే చతికిలబడింది. ఇది నాలుగోసారి. హాల్లో రౌటర్ పక్కన నిలబడి ఇదే ఫోనుతో ఇదే పరీక్ష చేస్తే తొంభై నాలుగు చూపించింది, వంటింటి గుమ్మం దగ్గరికొచ్చేసరికి ముప్ఫై, ఇదిగో ఇక్కడ, వెనక గదిలో, భార్య మంచం పక్కన, ఒకటిన్నర. మధ్యలో ఉన్నదల్లా ఇరవై రెండు అడుగులు, రెండు గోడలు, ఒక ఫ్రిజ్జు. ఈ మాత్రం దూరంలో తొంభై రెండున్నర ఎక్కడ జారిపోయినట్టు? స్తంభాల మీద పన్నెండు మైళ్ళు తీగ లాగి, ఆ చివర మనిషి దగ్గితే ఈ చివర వినిపించేలా చేసినవాడు ఆయన. ముప్ఫై ఆరేళ్ళు టెలిఫోన్ లైన్‌మన్‌. అంతటివాడు సొంత ఇంట్లో, హాలు నుంచి పడగ్గదికి ఒక బొమ్మని సరిగ్గా తేలేకపోతున్నాడు. గోడ గడియారంలో పది దాటి ఆరు నిమిషాలు. పదకొండింటికి బోర్డక్క వీడియో కాల్ చేస్తుంది. పన్నెండింటికి ఆవిణ్ణి ఆసుపత్రికి తీసుకుపోతారు.

మంచం మీద ఆమె దిండుకి ఆనుకుని కూర్చుంది. కుడికాలు తొడ దాకా కట్టులో ఉంది. పదిహేను రోజుల కిందట స్నానాల గదిలో కాలు జారింది, మంచం దిగితే ఊరుకోనని డాక్టరు గట్టిగా చెప్పాడు, పోనీ మంచాన్నే హాల్లోకి తోద్దామంటే గుమ్మం పట్టదు. ఉదయం ఎనిమిదింటికే తల దువ్వించుకుని, ఉతికిన బట్టలు కట్టించుకుని, కళ్ళద్దాలు మూడుసార్లు తుడుచుకుని, ఒళ్ళో టాబ్లెట్ పెట్టుకుని సిద్ధమైపోయింది. "ఏమండీ, వస్తుందా?" అని అడిగింది, అవసరమైనదానికంటే కాస్త పెద్ద గొంతుతో, ఎందుకంటే తన గొంతు ఎంత పెద్దదో ఆమెకి తెలియక ఐదేళ్ళయింది. ఆయన అటు తిరిగే ఉండి చెయ్యి ఊపాడు, వస్తుంది వస్తుంది అన్నట్టు. ఆమెతో మాట్లాడాలంటే ఎదురుగా రావాలి, వెలుతురులో నిలబడాలి, పెదాలు కదిలించి నింపాదిగా అనాలి, అప్పుడు ఆమె చూసి మాట పట్టుకుంటుంది. అంత తీరిక ఇప్పుడెక్కడిది? ఈ మధ్య ఎప్పుడూ ఉన్నట్టు లేదనుకోండి, అది వేరే సంగతి.

పోయిన ఆదివారం కూడా ఇదే మంచం, ఇదే ఒకటిన్నర. బోర్డక్క అంటే టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో మూడో బోర్డు ముందు కూర్చుని, కొత్తగా ఆపరేటరుగా చేరిన ఆమెకి పని నేర్పిన పెద్దావిడ. తోడబుట్టిన అక్క కాదుగానీ తోడబుట్టినవాళ్ళు కుళ్ళుకునేంత అక్క. తెర మీద కనిపించగానే పలకరించి నవ్వింది. ఆ నవ్వు దగ్గర బొమ్మ ఆగిపోయింది. ఇలాంటప్పుడు మాట మాత్రం ఎలాగో దూరి వచ్చేస్తుంది, ఆగిపోయేది బొమ్మే. చెవులున్నవాళ్ళకి అదేం పెద్ద ఇబ్బంది కాదు, కాసేపు ఓపిక పడతారు. ఆమెకి బొమ్మ ఆగితే మాట ఆగినట్టే. వంటింట్లో టీ వడకడుతున్న ఆయనకి అక్క గొంతు స్పష్టంగా వినపడింది: "గొంతులో కణితుందే. స్వరపేటిక తీసేస్తారట. ఇంక నేను మాట్లాడలేనే పిల్లా." ఆ మాట పూర్తికాకముందే ఆమె నవ్వు కూడా వినపడింది. తెర మీద అక్క నవ్వుతూ ఉంటే ఏదో శుభవార్త అనుకుంది పిచ్చిది, చేతులు తట్టి, "చాలా సంతోషం అక్కా!" అంది. ఆయన గిన్నె పడేసి పరుగెత్తుకొచ్చేసరికి అటువైపు కాల్ పెట్టేశారు. సాయంత్రానికి అక్క కూతురి దగ్గర్నుంచి సందేశం వచ్చింది, మీరెందుకు నవ్వారు పిన్నీ, అమ్మ అప్పట్నుంచీ ఎవరితోనూ మాట్లాడటం లేదు, అని. అది చదువుకుని ఆమె రెండు రోజులు అన్నం సరిగ్గా తినలేదు. అక్కకి చూపు ఆనదు కాబట్టి రాసి పంపితే చదవలేదు, కూతురు చదివి వినిపించబోతే విననంది, నచ్చచెప్పగా చెప్పగా చివరికి ఒప్పుకుంది: ఆసుపత్రికి బయల్దేరే ముందు ఒక్కసారి చేస్తాను, మొహం చూసి మాట్లాడమను. గొంతు ఉండగా అక్క మాట్లాడే ఆఖరి పూట ఇది. ఆ పూటని కూడా ఈ వైఫై మింగేస్తే భార్య మొహం తను మళ్ళీ ఎలా చూడాలి?

కంపెనీకి ఫోన్ చేశాడు. ఎవరో అమ్మాయి, చిన్న గొంతు, వెనకాల ఇంకా ఇరవై ముప్ఫై గొంతుల రొద. "రౌటర్‌ని ఒకసారి ఆపి, అరనిమిషం ఆగి, మళ్ళీ ఆన్ చేయండి సార్" అంది. పొద్దుట్నుంచి అది మూడుసార్లు చేశాడు. అయినా కోపం రాలేదు ఆయనకి. ఆ అమ్మాయి చెవి కమ్మ కింద ఎర్రగా ఒరుసుకుపోయి ఉంటుందని తెలుసు. తన భార్యకీ అలాగే ఉండేది, పెళ్ళయిన కొత్తల్లో డ్యూటీ దిగి ఇంటికొస్తే చెవి మీద హెడ్‌సెట్ అచ్చు దిగి, దాని మీద చల్లటి గుడ్డ పెట్టుకుని కూర్చునేది, ఏమే నొప్పా అంటే, "నొప్పి కాదండీ, ఊరంతా నా చెవిలోనే ఉంది, కాస్త దించుకుంటున్నా" అనేది. "వైరుతో కలిపి చూశారా సార్?" అంటోంది ఫోన్లో అమ్మాయి. "చూశానమ్మా. మావాడి పాత ల్యాప్‌టాప్‌ ఒకటుంది, రౌటర్ పక్కన పెట్టి దాంతో వచ్చిన చిన్న కేబుల్ తగిలిస్తే తొంభై నాలుగు. ముల్లు కదిలితే ఒట్టు." "అయితే మీ లైన్ బాగానే ఉంది సార్. గోడలు దాటేటప్పుడు సిగ్నల్ పడిపోతోంది. ఆ గదికి కేబుల్ లాక్కోండి సార్." కేబుల్ లాక్కోండి సార్! ఆయనతో! ఆయన నవ్వాడు, ఎందుకు నవ్వాడో ఆ పిల్లకి తెలియదు. కొట్టుకెళ్ళి ఇరవై రెండు అడుగుల కేబుల్ తెద్దామంటే కొట్టు తెరిచేదే పదకొండింటికి. చివరికి, పొద్దుట్నుంచీ నాలుక చివర పెట్టుకుని మింగేస్తున్న మాట బయటపెట్టాడు. "అమ్మా, పాత టెలిఫోన్ వైరు మీద పంపొచ్చా? ఐదు జతలది. గోడలో ఉంది." ఆ అమ్మాయి ఎవర్నో అడిగొచ్చింది. "వేగం బాగా తగ్గుతుంది సార్. పది వస్తే గొప్ప." "పది చాలు తల్లీ" అన్నాడు.

గోడలో వైరుందని ఆయనకి తెలియకపోవడమేమిటి, వేసిందే ఆయన. ఈ ఇల్లు కట్టేటప్పుడు తాపీమేస్త్రి విసుక్కుంటున్నా వినకుండా గోడలు గాడి కొట్టించి, పైపులు పెట్టించి, హాలు నుంచి ఈ గదికి ఐదు జతల వైరు లాగాడు. ఒక ఫోనుకి ఒక జత చాలు కదండీ, ఐదెందుకు అని ఆమె అడిగితే, మన ఇల్లు ఎక్స్ఛేంజీ అవుతుందేమో ఎవరికి తెలుసు అన్నాడు. హాల్లో ఆ కొస అలాగే ఉంది, రౌటర్ పెట్టిన బల్ల వెనక చిన్న తెల్ల డబ్బాలో. ఈ గదిలో కొసే లేదు. ఉంది, కానీ నాలుగేళ్ళ కిందట ఆయనే కోసేసి, డబ్బా మీద మూత బిగించి, దాని మీద సిమెంటు పూసి, రంగు వేసేశాడు. కోసినప్పుడు మూరెడు వదిలాడా, మొదలంటా కోశాడా? అదే గుర్తుకు రావడం లేదు. పొద్దుట్నుంచీ ఆ గోడ వైపు చూడకుండా ఫోను పట్టుకుని ఇంట్లో అటూ ఇటూ తిరుగుతున్నది అందుకే. మొదలంటా కోసి ఉంటే గోడ పగలగొట్టినా దక్కేది దుమ్మే. ఉన్న ఒక్క గంటా అందులో పోతుంది.

మూర వదలాలని నేర్పింది లైన్ల మేస్త్రి, ఆయన మొదట పనిలో చేరినప్పుడు. మూరల మేస్త్రి అనేవాళ్ళు ఆ పెద్దాయన్ని. తీగ ఎక్కడ కలిపినా, ఏ డబ్బాలో ముగించినా, మోచేతి నుంచి వేళ్ళ దాకా ఒక మూర మిగల్చాలి, చుట్టగా చుట్టి డబ్బాలో దాచాలి. "నీ పని నువ్వు చూసుకుని పోతే సరిపోదురా. రేపు ఇంకోడొస్తాడు. వాడి చేతికందాలి" అనేవాడు. కుర్రతనం కదా, ఒకరోజు వాన ముంచుకొస్తోందని స్తంభం మీద డబ్బాలో కొసలు కురచగా కోసి, మూత వేసి, గబగబా దిగిపోయాడు ఆయన. పదకొండేళ్ళ తర్వాత అదే స్తంభం, అదే డబ్బా, అదే వాన. మూత తీస్తే కొసలు గోటికి కూడా అందవు. స్తంభం మీద గంటన్నర వేలాడుతూ, తనని తాను నోటికొచ్చిన తిట్లన్నీ తిట్టుకున్నాడు. కింద నిలబడ్డ మేస్త్రి, అప్పటికి ముసలివాడైపోయాడు, తల పైకెత్తి, "ఎవడ్రా అట్లా కోసింది?" అని అడిగాడు. తెలిసే అడిగాడు. ఆ రోజు తర్వాత మూర వదలకుండా ఒక్క తీగ కూడా కోసి ఎరగడు ఆయన. ఒక్కటి తప్ప, బహుశా.

ఆలోచిస్తూనే చేతులు పని మొదలెట్టేశాయి. హాల్లో బల్ల జరిపి, తెల్ల డబ్బా మూత తీశాడు. లోపల చుట్ట, దుమ్ము పట్టినా చెక్కుచెదరలేదు. ల్యాప్‌టాప్‌ కేబుల్‌ని సరిగ్గా మధ్యకి కోశాడు, ఒక ముక్క ఇక్కడ, ఒక ముక్క ఆ గదిలో, రెండింటికీ చివర తగిలించే క్లిప్పులు ఎలాగూ ఉన్నాయి. పైతొడుగు చీరి వెలుతురుకి పట్టి చూశాడు. తెలుపు-నీలం, తెలుపు-నారింజ, తెలుపు-ఆకుపచ్చ, తెలుపు-గోధుమ. అవే. మేస్త్రి అందర్నీ వరసగా నిలబెట్టి అప్పచెప్పించుకున్న రంగులే, నీలం నారింజ పచ్చ గోధుమ బూడిద, నీలం నారింజ పచ్చ గోధుమ బూడిద, తప్పితే మొట్టికాయ. ఇన్నేళ్ళుగా ఈ కొత్త కేబుళ్ళని పరాయివాళ్ళలా చూశాడు, కొడుకు ఏదో తగిలిస్తుంటే మొహం తిప్పుకున్నాడు, లోపల చూస్తే అంతా మనవాళ్ళే. బూడిద ఒక్కటే రాలేదు. "బూడిదేదిరా?" అని పైకే అన్నాడు, ఇంట్లో వినేవాళ్ళు ఎవరూ లేరు కాబట్టి ఫరవాలేదు. నారింజ నారింజకి, పచ్చ పచ్చకి మెలి తిప్పాడు. రెండు జతలు చాలు. క్లిప్పు రౌటర్‌కి తగిలించాడు. డెబ్భై ఏళ్ళొచ్చాక వేళ్ళు చొక్కా గుండీ పెట్టుకోవడానికి కూడా తడబడుతున్నాయి గానీ, మెలి తిప్పేటప్పుడు తడబడలేదు. పది దాటి ఇరవై ఎనిమిది.

ఉలి, సుత్తి తీసుకుని గదిలోకి వస్తుంటే ఒకప్పుడు స్తంభం మీద నుంచి ఫోన్లో విన్న ఆమె గొంతు గుర్తొచ్చింది. మొహం చూడక ముందు ఏడాది పైనే ఆ గొంతు విన్నాడు. పని అయిన తర్వాత నడుముకి వేలాడే టెస్ట్ ఫోన్ తీగకి తగిలించి, ఎక్స్ఛేంజీకి చేసి, "టెస్టింగ్" అనాలి. అటువైపు ఎవరైతే వాళ్ళు "ఓకే" అని పెట్టేస్తారు, అంతే పని. ఈ గొంతు మాత్రం, "వినిపిస్తోంది, చెప్పండి" అనేది. చెప్పడానికేముంటుంది? ఏమీ లేదండీ, లైన్ బాగుంది, అనేవాడు. కొన్నాళ్ళకి, ఇక్కడ గాలి బాగా ఉందండీ, అనడం మొదలుపెట్టాడు. ఇంకొన్నాళ్ళకి, ఇక్కణ్ణుంచి రైలు కనిపిస్తోందండీ. "ఎన్ని పెట్టెలు?" అంది ఒకరోజు ఆ గొంతు. ఆ తర్వాత బాగున్న లైన్లు కూడా పరీక్షించడం ఎక్కువైంది ఆయనకి. బోర్డక్క కనిపెట్టేసింది, మూడో బోర్డు మీద నుంచి లైన్లోకి దూరి, "లైన్‌మన్‌ గారూ, ఈ నెలలో మీ ఏరియాలో రెండు వందల పదహారు టెస్టింగులు. తీగలు పాడయ్యాయా, మీరు పాడయ్యారా?" అని అడిగింది. ఆమె పకపకా నవ్వడం ఆ వెనకే వినిపించింది. తర్వాత ఒకరోజు ఎక్స్ఛేంజీ క్యాంటీన్లో బెంచీ దగ్గర ఎవరో అమ్మాయి, "కాస్త జరుగుతారా" అనేసరికి చేతిలో టీ మోకాలి మీద ఒలికిపోయింది. జరగమన్నది ఆ గొంతు. ఒంటి జడ, చెవి మీద ఎర్ర మచ్చ, చేతిలో రేషన్ సంచీ అంత లంచ్ డబ్బా. తన మొహం ఎర్రబడిందో మోకాలు ఎర్రబడిందో ఆయనకి ఇప్పటికీ తెలియదు.

ఆ చెవులు నెమ్మదిగా పోయాయి. ముందు ఎడమది, తర్వాత కుడిది, మిషన్లు పెట్టారు, మిషన్లు మార్చారు, ఆఖరికి డాక్టరు కాగితం మీద రాసి చూపించాడు. ఆమె ఏడవలేదు, ఇంటికొచ్చి అద్దం ముందు కూర్చుని పెదాలు కదిలిస్తూ, ఆ కదలికల్లో మాటలు చదవడం నేర్చుకుంది, మొండిది. నేర్చుకుంటూ నేర్చుకుంటూ ఒకరోజు ఆయన మీసం వైపు చూపించి, "ఇది అడ్డం" అంది. ముప్ఫై ఏళ్ళ మీసం. సాయంత్రానికి తీసేశాడు. పాత స్నేహితులు ఏడిపించి చంపారు, ఇంట్లో నెగ్గలేక మీసం ఇచ్చేశావా అని. ఇచ్చేసినా బాగానే గడిచింది ఒక ఏడాది. వైరు కోసిన ఆ రోజు మధ్యాహ్నం పెరట్లో ఉన్నాడు, గదిలో ఫోను మోగుతోంది. పాత ఫోను, నల్లది, ఆమె తల దగ్గర బల్ల మీద. మోగుతోంది, మోగుతూనే ఉంది, ఎవరూ తీయడం లేదని పరుగెత్తుకొచ్చి గుమ్మంలో ఆగిపోయాడు. ఆమె ఫోను పక్కనే కూర్చుని బట్టలు మడతపెడుతోంది. ఒక్క గంట మోగితే చాలు చెయ్యి ఎగిరి వెళ్ళే మనిషి, పక్కన అది గొంతు చించుకుంటుంటే తాపీగా చొక్కా కాలరు సరిచేస్తోంది. గుండె బద్దలైపోయింది ఆయనకి. అంత బాధ అంతకు ముందు ఎప్పుడూ ఎరగడు. అది కోపంగా ఎప్పుడు మారిందో తెలియదు. కటింగ్ ప్లేయర్ తెచ్చి, ఫోను పీకేసి, వైరు కోసేసి, మూత వేసి, సిమెంటు కలుపుకొచ్చి పూసేశాడు. తల తిప్పి చూస్తే ఆమె కిటికీ వైపు తిరిగిపోయి ఉంది, భుజాలు అదురుతున్నాయి. ఏడిపించాను, అనుకున్నాడు. క్షమించమని అడగడానికి ఎదురుగా వెళ్ళలేకపోయాడు. ప్రతి గదికీ నెట్ కేబుల్ వేద్దాం నాన్నా, పైపులున్నాయి కదా, అని కొడుకు అంటే, ఈ ఇంట్లో ఇంక వైరన్నది నా కంటపడకూడదు అని ఎగిరిపడ్డాడు. అలా వచ్చింది వైఫై. ఆ తర్వాత మాటలు కూడా ఎందుకో తగ్గాయి, మందు వేసుకున్నావా, అన్నం పెట్టనా, ఇలాంటివి, అవి కూడా చాలావరకు చేత్తోనే.

గోడ మీద చేత్తో తట్టి చూశాడు, ఎక్కడా బోలుగా మోగలేదు. బల్ల ఇక్కడుండేది కదా, ఇక్కడే అయ్యుండాలి, అని ఉలి పెట్టి కొట్టాడు. పెచ్చులు ఊడాయి. ఇటుక కనిపించింది. ఇంకో పక్క కొట్టాడు, ఇటుకే. పది దాటి ముప్ఫై తొమ్మిది. చెమట కళ్ళల్లోకి దిగుతోంది, దుమ్ము నోట్లోకి పోతోంది, ఇది ముసలివాళ్ళు చేసే పని కాదు అని గొణుక్కున్నాడు. మూడో చోట ఉలి ఆనించబోతుంటే వెనక నుంచి ఆ పెద్ద గొంతు వినిపించింది.

"అక్కడ కాదండీ. ఇంకో జానెడు కిందకి. కిటికీ వైపు కాస్త."

వెనక్కి తిరిగాడు. ఆమె కళ్ళద్దాల మీద సన్నటి దుమ్ము. ఎంతసేపట్నుంచి చూస్తోందో.

"వైరు కోసమే కదా? చుట్ట లోపలే ఉంది. అడిగితే చెప్పేదాన్ని కదా, పొద్దుట్నుంచీ ఆ ఫోను పట్టుకుని ఇల్లంతా తిరిగే బదులు."

ఆయన ఎదురుగా వచ్చాడు. వెలుతురులోకి. "నీకెలా తెలుసు?" అన్నాడు, పెదాలు పూర్తిగా కదిలిస్తూ.

"ఆ రోజు నేనిక్కడే కూర్చున్నాను కదండీ. ఒక్క ఊపున కోశారు. వైరుని నేలకేసి కొడతారేమో అనుకున్నా. మీరేమో మోచెయ్యి పెట్టి మూర కొలిచి, చుట్ట చుట్టి, ముడేసి, జాగ్రత్తగా లోపల సర్ది, అప్పుడు మళ్ళీ కోపం తెచ్చుకుని మూత బిగించారు." ఆమె పెదవి కొరుక్కుంది. "నాకు నవ్వు ఆగలేదు. చూస్తే మీకు ఇంకా మండుతుందని అటు తిరిగాను."

నవ్విందట. నాలుగేళ్ళు. నాలుగేళ్ళుగా ఆ వీపుని, ఆ అదిరే భుజాల్ని మనసులో పెట్టుకుని, వంటింట్లో నిలబడి, పెరట్లో నిలబడి, ఎదురుగా రాకుండా తిరిగాడు. ఒక్కసారి ముందుకొచ్చి మొహం చూసి ఉంటే అయిపోయేది. ఇప్పుడదంతా చెప్పుకోవడానికి టైము లేదు. జానెడు కిందకి, కాస్త కిటికీ వైపు, రెండు దెబ్బలు, మూడో దెబ్బకి సిమెంటు బిళ్ళగా ఊడింది. తుప్పు పట్టిన మూత. విప్పాడు. లోపల మూరెడు వైరు, నాలుగు మెలికల చుట్ట, మధ్యలో ముడి. అది తన ముడే, ఇంకెవరి ముడీ అలా ఉండదు. తను కురచగా కోశాడేమోనని పొద్దుట్నుంచీ ప్రాణం తీసుకుంటున్నాడు, చెయ్యి మాత్రం తన కోపాన్ని ఏమాత్రం లెక్కచేయకుండా దాని పని అది చేసుకుపోయింది. నారింజ నారింజకి, పచ్చ పచ్చకి. క్లిప్పు ల్యాప్‌టాప్‌కి. పది దాటి యాభై రెండు. తెర మూలన ఏదో గుర్తు తిరిగింది, తిరిగింది, ఆగింది. పరీక్ష పెట్టాడు. ముల్లు తొమ్మిది దాకా నడిచి నిలబడింది. తొమ్మిదంటే తొమ్మిదే, తొంభై నాలుగులో పదో వంతు కూడా లేదు, కానీ అటూ ఇటూ ఊగలేదు, స్తంభంలా నిలబడింది. ల్యాప్‌టాప్‌ని ఆమె ఒళ్ళోకి మార్చాడు, వైరు దూరని టాబ్లెట్ పక్కన పెట్టాడు, కళ్ళద్దాలు తనే తీసి చొక్కా కొసతో తుడిచి పెట్టాడు.

పదకొండుకి రెండు నిమిషాల ముందే మోగింది, బోర్డు మనుషులకి ఆలస్యం అలవాటు లేదు. తెర మీద అక్క వచ్చింది. చిక్కిపోయింది, మెడకి శాలువా చుట్టుకుంది, మొహంలో నవ్వు లేదు. పక్కన కూతురి భుజం సగం కనిపిస్తోంది. మంచం మీద ఆమె ముందుకి వంగి అక్క పెదాల మీద కళ్ళు పెట్టింది. పెదాలు కదిలాయి, ఆగకుండా, చిరగకుండా కదిలాయి. "ఎందుకే నవ్వావు?" అంది అక్క, గరగరలాడే గొంతుతో. ఆమె చెప్పింది, బొమ్మ ఆగిపోయిందని, నీ నవ్వే చూస్తూ ఉండిపోయానని, చెవిటిదాన్ని అక్కా, చెంప పగలగొట్టు, అని. చెబుతూ ఏడ్చింది. అక్క వింటూ కళ్ళు ఒత్తుకుంది. తర్వాత అంది, "భయంగా ఉందే. గొంతుతోనే బతికాను. రేపట్నుంచి నేను మాట్లాడితే ఎవరికీ వినపడదు."

ఆమె కన్నీళ్ళు తుడుచుకోకుండానే తల అడ్డంగా ఊపింది. "ఎవరికీ వినపడకపోతే పోనీ అక్కా. నాకు నీ గొంతుతో పనేముంది? ఐదేళ్ళయింది నేను విని. నువ్వు పెదాలు కదుపు చాలు. నేను చూసుకుంటా."

అటువైపు అక్క పెదాలు కదలలేదు. బొమ్మ మళ్ళీ ఆగిందేమోనని గుమ్మంలో నిలబడ్డ ఆయన ఒక అడుగు ముందుకి వేశాడు. ఆగలేదు. అక్క కళ్ళు ఆర్పుతోంది. తర్వాత శాలువా కొస వేళ్ళకి చుట్టుకుంటూ, శబ్దం చేయకుండా, ఉత్త పెదాలతో ఏదో అంది. ఆయనకి ఏమీ వినపడలేదు, కూతురికి కూడా వినపడి ఉండదు, అర్థం కాక తల్లి వైపు వంగి చూస్తోంది. మంచం మీద ఈమె మాత్రం ఫక్కున నవ్వింది, "ఛీ, సిగ్గు లేదు నీకు, మన ఎక్స్ఛేంజీ సూపర్‌వైజరు పోయి పదేళ్ళయింది" అంది. అక్క కూడా నవ్వింది, ఈసారి నవ్వు ఆగిపోకుండా మొహమంతా నడిచింది. అలా పన్నెండుకి పావు దాకా ఇద్దరూ మాట్లాడుకున్నారు, అటువైపు గొంతు ఎంతసేపు ఉందో, ఎంతసేపు లేదో, ఆయన లెక్క పెట్టలేదు.

కాల్ అయిపోయాక ఆమె ల్యాప్‌టాప్‌ మూసి, దాని మీద రెండు చేతులూ పెట్టుకుని కూర్చుంది. ఆయన డబ్బా దగ్గర మోకాళ్ళ మీద కూర్చుని, మిగిలిన వైరుని మోచేతి నుంచి వేళ్ళ దాకా కొలిచి, చుట్ట చుట్టి, ముడేసి లోపల సర్దాడు. మూత బిగించాడు. సిమెంటు అక్కర్లేదు. లేచి, మంచం ఎదురుగా కిటికీ వెలుతురు పడే చోటికి వచ్చి నిలబడ్డాడు. నాలుగేళ్ళ మాటలు గొంతు దాకా వచ్చి ఒకదాని మీద ఒకటి పడుతున్నాయి, ఏది ముందో తెలియలేదు. చివరికి చెయ్యి చెవి దగ్గర పెట్టుకుని, నడుముకి ఆ పాత ఫోను ఇంకా వేలాడుతున్నట్టే, అన్నాడు.

"టెస్టింగ్."

ఆమె ఆయన పెదాల వైపు చూసింది.

"వినిపిస్తోంది" అంది. "చెప్పండి."

ఆయన కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చున్నాడు.